అప్ప బడికెళ్ళిన రోజులు

మా వైపు అక్కని అప్ప అంటాం. విజయనగరం వచ్చి ఆఫీసులో గుమాస్తాగా చేరి ఇరవై ఎనిమిదేళ్ళయింది. నా మాటలో ఊరి యాస చాలావరకు పోయింది గానీ ఆ ఒక్క పిలుపు మాత్రం పోలేదు. ఎవరైనా "మీ అక్కగారు" అంటే ఇప్పటికీ ఎవరి గురించి అంటున్నారో ఒక్క క్షణం తెలియదు.

అప్ప నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. గజపతినగరం దగ్గర మేం పుట్టిన ఊళ్ళోనే మేనమామ కొడుక్కి ఇచ్చారు. బావ పోయి నాలుగేళ్ళయింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి అత్తారింట్లో ఉంది. అప్ప రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

మూడేళ్ళ కిందట ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ చేసి, "నాను బడికెల్తన్నానే" అంది. నాకు నవ్వాగలేదు. "ఈ వయసులో నిన్ను ఏ క్లాసులో చేర్చుకున్నారే అప్పా?" అన్నాను. అదీ నవ్వింది. ఇంకేదో చెప్పబోతుంటే మా ఆఫీసరు పిలిచాడు. పెట్టేశాను. పెద్దవాళ్ళకి చదువు చెప్పే క్లాసు ఏదో వాళ్ళ ఊళ్ళో పెట్టారు కాబోలు అనుకున్నాను. ఎప్పుడో బడి మానేసిన మనిషి యాభై ఎనిమిదేళ్ళకి బడికెళ్తున్నానంటే, ఏ బడి, ఎందుకు అని అడగాలని నాకు తోచలేదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అసలు అప్ప బడి మానేసింది నా వల్లే. అమ్మ కూలికి వెళ్ళేది. వరినాట్లని మేం ఉబాలు అంటాం. ఉబాల రోజుల్లో తెల్లవారకముందే గంజి తాగి వెళ్ళిపోతే దీపాలు పెట్టే వేళకి గాని వచ్చేది కాదు. నన్ను ఎవరు చూడాలి? అప్పే నన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్ళేది. నేను ఏడిచేదాన్నట, పలక మీద ఉమ్మేసేదాన్నట. ఐదో తరగతిలో మేష్టారు విసిగిపోయి, "పిల్లనైనా ఒగ్గీ, బడైనా ఒగ్గీ" అన్నారట. నన్ను వదిలెయ్యడానికి చోటు లేదు. అందుకని బడి వదిలేసింది. చిన్నప్పుడు ఇది మా ఇంట్లో నవ్వుకునే కథ. అమ్మ చెప్పేది, అప్ప నవ్వేది, నేనూ నవ్వేదాన్ని.

నేను బాగా చదివాను. తెలివైన పిల్ల అని ఊరంతా అనేది, నేను నమ్మాను కూడా. పదో తరగతి పరీక్షలప్పుడు కూడా నా చేత ఒక్క బిందె నీళ్ళు తెప్పించలేదు అప్ప. పెళ్ళయి పక్క వీధిలో కాపురముంటూ, తన ఇంట్లో నీళ్ళు నింపుకుని వచ్చి మా ఇంట్లో నింపేది. ఉద్యోగం వచ్చాక, నాకు పిల్ల పుట్టాక, ఐదు నెలలు మా ఇంట్లోనే ఉండి పెంచింది. ఆ పిల్ల చంటిదిగా ఉండగానే నేను డిపార్టుమెంటు పరీక్ష రాసి పాసయ్యాను. ఆఫీసులో స్వీట్లు పంచినప్పుడు పట్టుదల గురించి ఎవరో రెండు మంచి మాటలు చెప్పారు. నేను చదువుకుంటుంటే పిల్లని ఎత్తుకుని డాబా మీద తిరిగిన మనిషి ఆ వేళకి ఊళ్ళో తన పొయ్యి వెలిగించుకుంటోంది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పోయినేడు వానాకాలంలో ఆఫీసు మెట్ల మీద జారి పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. మా ఆయనది కొత్తవలసలో రైల్వే ఉద్యోగం, పొద్దున్నే వెళ్ళిపోవాలి. మంచివాడే. టీ పెట్టడం కూడా వచ్చు, పాలు, పంచదార, టీపొడి, గిన్నె, వడపోసేది అన్నీ తీసి పక్కన పెడితే. అమ్మాయి పెళ్ళయి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది. ఇంకెవరున్నారు? ఆసుపత్రి నుంచే అప్పకి ఫోన్ చేశాను.

"వస్తాను గానీ, ఎన్నాళ్ళకే?" అంది.

అప్ప నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నా పురిటికి వచ్చినప్పుడు గాని, అమ్మని మంచాన చూసుకున్నప్పుడు గాని ఎన్నాళ్ళు అని అడగలేదు. నాకు మనసు చివుక్కుమంది. కాలు విరిగి నేనేడుస్తుంటే రోజులు అడుగుతుందేమిటి అనుకున్నాను. "ఆరు వారాలు" అన్నాను, కొంచెం కటువుగానే. మర్నాడు మధ్యాహ్నానికి గుడ్డ సంచితో దిగింది.

ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. మంచం మీద మనిషికి ఏమేం చెయ్యాలో చేసినవాళ్ళకి తెలుసు, చేయించుకున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అప్ప అయిదింటికి లేచేది. మా ఆయన క్యారేజీ, నా స్నానం, మందులు, వంట, బట్టలు, మళ్ళీ వంట. పక్క మీద నుంచి చూస్తుంటే మనిషి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతూనే ఉండేది. నెలాఖరున ఒకరోజు అది నా జుట్టుకి నూనె రాస్తుంటే నా ఫోన్ టింగుమంది.

"ఏటదీ?"

"జీతం పడింది అప్పా."

చేతులు ఆపేసింది. "తొంగున్నా ఇస్తారేటి?"

"మెడికల్ లీవు కదే. అది నా హక్కు."

"మంచిదే. మంచిదే," అని మళ్ళీ నూనె రాసింది. దాని గొంతులో వెటకారం లేదు. నిజంగానే సంతోషించింది. జడ అల్లుతూ, "మా కాడ రాకపోతే అంతే," అంది. కూలి పనుల గురించి అంటోందనుకున్నాను.

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆవిడ ఉంది. నాలుగిళ్ళు చేసుకుంటుంది. అప్ప చెయ్యి ఊరుకోదు, ఆవిడ వచ్చేలోగా సగం గిన్నెలు తోమేసేది. నాలుగు రోజులు చూసి ఆవిడకి భయం పట్టుకుంది. ఒకరోజు వంటింట్లో అప్పని నిలదియ్యడం నా గదిలోకి వినిపించింది.

"నెలకెంతకి కుదిరినావమ్మా?"

"నానేటి? ఊరికినే సేస్తన్నాను."

"ఊరికినే ఎవులు సేస్తారు? నా సెవిలో పువ్వెట్టకు. గిన్నెలు కూడా నువ్వే తోమీస్తే నా గతేటి? ఉన్న మాట సెప్పీ, నీ పని జోలికి నాను రాను."

"ఒసే, నాను దానికి అప్పనే."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆవిడ, "తప్పయిపోనాది, ఏటీ అనుకోకు" అంది. గిన్నెలు కడుగుతూ మళ్ళీ తనే అంది. "నాకు ఆదివారం సెలవమ్మా. నీకు అదీ నేదు."

నేను మంచం మీద పడుకుని నవ్వుకున్నాను. సాయంత్రం మా ఆయనకి చెప్పి మళ్ళీ నవ్వాను. అప్పని పనిమనిషి అనుకుందట చూడండి అని. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆవిడ పొరపాటేమీ పడలేదు. పనిని చూసి పనే అనుకుంది.

ఆరు వారాలయ్యాయి. డాక్టరు వాకరు పట్టుకుని నడవమన్నాడు. ఆ సాయంత్రమే అప్ప సంచి సర్దుకుంది. నిజం చెప్పాలంటే నేను ఒక్కదాన్నీ ఎలాగోలా నెట్టుకురాగలిగేదాన్నే. కానీ అప్ప చేతి అన్నానికి, వేళకి వచ్చే వేడినీళ్ళకి అలవాటు పడిపోయాను.

"అప్పుడే ఏటే అప్పా? ఇంటికెళ్ళి నువ్వు చేసేదేముంది, ఊరికే కూర్చోవడమే కదా. ఇక్కడుంటే నాకు తోడు."

"అది కాదే. బడి..."

"బడికేం తొందర? మళ్ళీ వెళ్ళొచ్చులే," అన్నాను, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అప్ప నా వైపు చూసింది. "అంతేనంటావా?" అంది. సంచిలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. నాకోసం చెప్పలేకపోయిందో, నాతో చెప్పి లాభం లేదనుకుందో తెలియదు. నోరు విప్పి చెప్పొచ్చు కదా అని తర్వాత చాలాసార్లు మనసులో దాని మీద కోప్పడ్డాను. కానీ అది చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందే ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ తర్వాత రెండో శనివారం. వాన కాస్త తెరిపిచ్చిందని అప్ప డాబా మీద బట్టలారేస్తోంది. దాని చిన్న ఫోను నా మంచం పక్కన మోగింది. ఎత్తాను. నేను హలో అనేలోపే అవతల ఆడమనిషి గొంతు గబగబా మొదలుపెట్టింది.

"అప్పా, మేస్టారు కేకలేస్తన్నారే. నీ బదులు నాను ఎన్నాళ్ళని సేసేది? ఇద్దరి వంటా ఒక్కదాన్నే ఎలాగ దించుతాను? సోమారం పొద్దుటికి నువ్వు పొయ్యి కాడ నేకపోతే ఇంకో మనిసిని ఎట్టీసుకుంటారంట. బేగొచ్చీ!"

"ఏ పొయ్యి?" అన్నాను.

"ఓలమ్మా, సెల్లివా? అప్ప సెప్పలేదేటి? బడిలో పిల్లలకి మజ్జేన్నం వంట మాదే గదా, నాదీ అప్పదీను."

అలా తెలిసింది నాకు అప్ప వెళ్తున్న బడి. బావ పోయాక దొరికిన పని, దాని బతుకులో దాని పేరున జీతం వచ్చిన మొదటి పని. ఉబాలప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళు ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు అని రోజుకి రోజు చేసుకుంటారు. దాన్నే బదులు అంటాం. ఆరు వారాలు నా బదులు వండు, తర్వాత నీ బదులు నేను వండుతాను అని అప్ప ఆ తోటిమనిషిని ఒప్పించి నా దగ్గరికి వచ్చింది. అందుకే ఎన్నాళ్ళకని అడిగింది.

"అప్పకి సెప్పు తల్లీ. మరిసిపోకు," అంది ఆవిడ.

"చెప్తాను," అన్నాను.

అప్ప ఖాళీ బకెట్టుతో కిందికి దిగి వచ్చింది. "ఎవులే ఫోను?" అంది.

"ఎవరో. రాంగ్ నంబరు," అన్నాను.

ఎందుకన్నానంటే, మర్నాడు ఆదివారం మా ఆఫీసువాళ్ళు పన్నెండు మంది నన్ను చూడ్డానికి వస్తున్నారు. మధ్యాహ్నం భోజనానికి ఉండమన్నాను. చెబితే అప్ప ఆ సాయంత్రం బస్సే ఎక్కేస్తుంది. ఆదివారం సాయంత్రం చెబుదాం, సోమవారం మొదటి బస్సుకి వెళ్తుంది, ఏమీ మునిగిపోదు అనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను.

ఆదివారం అప్ప కోడి పులావు చేసింది, వంకాయ చేసింది, చేపల పులుసు పెట్టింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి మర్యాదకి అడిగింది. "మీ అక్కగారు ఏం చేస్తారు మేడమ్?"

"ఏమీ లేదమ్మా. ఇంట్లో ఊరికే ఉంటుంది," అన్నాను.

నోరు అలవాటుగా అనేసింది. అన్నాక ముందురోజు ఫోను గుర్తొచ్చింది. అప్ప నా వెనకే గరిటెతో నిలబడి ఉంది. "ఇంకొంచెం ఎట్టమంటారా?" అని ఆ అమ్మాయిని అడిగింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక కాళ్ళు చాపుకుని గోడకానుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. చెప్పడానికి నోరు తెరిచాను. రేపు నా కాలికి వ్యాయామం చేయించే అతను వస్తాడు, పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది. ఇంత నీరసంగా ఉంది, రాత్రికి పడుకోనీ అని నాకు నేనే ఒక సాకు కూడా చెప్పుకున్నాను. నోరు మూసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం చెప్పాను. "ఇప్పుడే ఫోనొచ్చింది అప్పా," అని మొదలుపెట్టాను.

అప్ప అంతా విని గోడ గడియారం వంక చూసింది. పన్నెండు దాటింది.

"ఈపాటికి పప్పు దించీసుంటారు," అంది.

సంచి సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. వెళ్ళేముందు రాత్రికి నాకు అన్నం, చారు మూతపెట్టి చూపించింది. రెండు రోజులాగి నేనే ఫోన్ చేసి ఏమైందని అడిగాను. "ఏటవుతాది? కొత్త మనిసి వచ్చింది. మంచిదే. పిల్లలకి బాగానే ఎడతాది," అంది. పెద్ద వీధిలో ఎవరి కోడలో అట. అదీ అవసరం ఉన్న మనిషే, దాన్ని ఏమనగలను?

నేను సెలవు పూర్తి చేసుకుని ఆఫీసులో చేరాను. నా కుర్చీ నా కోసం అలాగే ఉంది. రెండున్నర నెలలు నేను లేకపోయినా నా కుర్చీ నాదే, జీతం నాదే, సర్వీసులో ఒక్క రోజు కూడా తగ్గలేదు. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరం. నేను మేడ కట్టుకున్నాను, దానికి రెండు గదులు. చదువుకుంది కాబట్టి పైకొచ్చింది అని నా గురించి అంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ నేనెక్కిన ప్రతి మెట్టు కిందా అప్ప పని ఉంది. ఆ పనికి కుర్చీ లేదు, సర్వీసు లేదు, సెలవు లేదు. చివరికి యాభై ఎనిమిదేళ్ళకి తనంతట తాను ఒక్క మెట్టు ఎక్కితే, అది కూడా నా అవసరానికి లాగేశాను. ఇందులో విధి రాత అనడానికి ఏమీ లేదు. నేను చేసిందే.

దసరా వెళ్ళాక కాలు బాగయి ఊరికి వెళ్ళాను. ఒక కవరులో డబ్బు పెట్టి తీసుకెళ్ళాను. అప్ప గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కవరు చేతిలో పెడితే విప్పకుండానే నా ఒళ్ళో పెట్టేసింది.

"నువ్వు సీరెడితే తీసుకుంటాను. పిండొంటలు పంపితే తింటాను. ఇది ఒద్దు."

"నువ్వు చేసినదానికే కదే అప్పా."

"నువ్విస్తే, సెల్లి ఇచ్చిందంటారు. ఆ జీతమయితే, నాను తెచ్చుకున్నానంటారు."

కవరు మళ్ళీ నా సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు తనే ఆ బడి గురించి చెప్పింది. రెండేళ్ళలో మొదటిసారి నేను విన్నాను. రోజూ పుస్తకంలో సంతకం పెట్టేదట. పేరు రాయడం మరిచిపోయాననుకుంటే, చెయ్యి పెడితే వచ్చేసిందట. పప్పు కలుపుతూ ఉంటే గోడవతల పిల్లలు ఎక్కాలు వల్లించేవారట. "నిన్నెత్తుకున్నప్పుడు ఏడో ఎక్కం కాడ ఒగ్గీసినాను గదా. వినీ వినీ పన్నెండో ఎక్కం దాకా వచ్చినాను," అంది. అని, పిక్కలు తీస్తూ పన్నెండో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఒక్క చోట కూడా తడబడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏటే, ఊరుకో," అని జిగురు చెయ్యి చీరకి తుడుచుకుని నా వీపు మీద వేసింది.

ఆ రోజు కూడా నేను ఆ శనివారం సంగతి చెప్పలేదు. చెప్పాలనే వెళ్ళాను. చెప్పకుండానే బస్సెక్కాను.

ఇప్పుడు మా అమ్మాయికి తొమ్మిదో నెల, పురిటికి ఇంటికొచ్చింది. "పెద్దమ్మ ఊరికే ఉంది కదా, రమ్మనొచ్చు కదమ్మా?" అంది వచ్చిన రోజునే. నా మాటే నా కూతురి నోట్లోంచి వినబడింది. "పెద్దమ్మ ఊరికే లేదు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు," అని కసిరాను. పాపం, బిత్తరపోయింది. అప్పకి చెప్పకుండా నేనే ఆఫీసులో సెలవు పెట్టాను. అయినా దానికి ఎవరి ద్వారానో తెలిసింది. నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది.

"పిల్ల పురిటికి నన్ను పిలవలేదేటే?"

"నేను సెలవు పెట్టాను అప్పా. నేనే చూసుకుంటాను. నువ్వు కష్టపడొద్దు."

"పురిటి బిడ్డని కాళ్ళ మీదేసుకుని నీళ్ళు పొయ్యడం వచ్చేటి నీకు?"

రాదు. నా కూతురికి రోజూ నీళ్ళు పోసింది అప్పే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల సాంబ్రాణి వాసనతో నిద్రపోతూ ఉండేది.

"మరింకేటి? వస్తాను. ఊరికినే ఉన్నాను గదా," అంది.

దాని వెనక ఎక్కడో కోడి కూసింది. పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు.

"ఒక్కటే సెప్తన్నాను," అంది నెమ్మదిగా. "ఈపాలి నా ఫోను మోగితే నాకియ్యే."